సాకర్ ఎయిడ్ మ్యాచ్ మన ఇంట్లో టీవీలో చూడటం ఎలా?

ఇంగ్లండ్‌లో యునిసెఫ్ నిధుల కోసం ఆడే ఫుట్‌బాల్ మ్యాచ్ ఇది. ఒక వైపు ఇంగ్లండ్, ఇంకో వైపు ప్రపంచ జట్టు. రెండింటిలోనూ పాటగాళ్లు, నటులు, టీవీ వాళ్లు, ఆట మానేసిన పెద్ద ఫుట్‌బాలర్లు కలిసి ఉంటారు. గాయకుడు రాబీ విలియమ్స్, ఆయన స్నేహితుడు జోనథన్ విల్క్స్ 2006లో మొదలుపెట్టారు. నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా దీన్ని చూడాలనుకునేవాళ్లు చాలామంది దెబ్బతినేది ఒక్కచోటే, టైము దగ్గర.

ముందు సామాను. టీవీ, నెట్ లేదా సెట్‌టాప్ బాక్సు, ఇన్వర్టర్ ఉంటే చాలు. ఏ చానల్లో, ఏ యాప్‌లో వస్తుందో వారం ముందే మ్యాచ్ అధికారిక పేజీలో చూసుకోండి. వాట్సాప్‌లో తిరిగే ‘ఫ్రీ లింకులు’ ముట్టుకోవద్దు.

ఇక టైము. ఇక్కడ తొందరపడకండి. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా ఇంగ్లండ్‌లో గడియారాలు ఒక గంట ముందుకు జరిపి ఉంటాయి. అందుకే ఈ మ్యాచ్ ఎక్కువగా జరిగే జూన్‌లో మనకూ వాళ్లకూ తేడా నాలుగున్నర గంటలే. ఐదున్నర చలికాలపు లెక్క. మ్యాచ్ అక్కడ రాత్రి 7:30కి మొదలైతే ఇక్కడ సరిగ్గా అర్ధరాత్రి 12. ఐదున్నర కలిపి ఒంటిగంటకు టీవీ పెట్టినవాళ్లకు విరామం కూడా అయిపోయి రెండో సగం కనిపిస్తుంది.

గంట సరిగా లెక్కగట్టినవాళ్లు కూడా తేదీ దగ్గర తప్పుతారు. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, మన మాటల్లోనూ అంతే. ‘ఆదివారం రాత్రి 12’ అంటే తెల్లవారితే సోమవారం అనే మన అర్థం. ఫోనుకు ఆ అర్థం తెలియదు. ఆదివారం 12:00 ఏఎం అని అలారం పెడితే అది శనివారం రాత్రే మోగుతుంది. అక్కడ ఆదివారం సాయంత్రం మ్యాచ్ అయితే మీరు పెట్టాల్సింది సోమవారం 12:00 ఏఎం. నా మాట వింటే 12:00కి అసలు పెట్టకండి, ఆదివారం రాత్రి 11:30కి పెట్టండి. అప్పుడు తికమకకు తావే ఉండదు. ఇంకో మాట: కార్యక్రమం మొదలయ్యే టైము వేరు, తొలి విజిల్ వేరు. ముందు పరిచయాలు చాలాసేపు నడుస్తాయి. ప్రకటనలో ‘కిక్ ఆఫ్’ అని ఉన్న టైమునే లెక్కలోకి తీసుకోండి.

జూన్‌లో మన దగ్గర ఉక్క, పైగా కరెంటు పోవడం మామూలే. టీవీ, ఒక ఫ్యాను కలిపి 200 వాట్ల లోపే, 150 ఏహెచ్ బ్యాటరీ ఆట మొత్తానికి ఆగుతుంది. అందరూ మరిచేది వైఫై మోడెం. దాని ప్లగ్గు కూడా ఇన్వర్టర్ లైనులోనే ఉండాలి. ఫోను హాట్‌స్పాట్ మీద చూసేవాళ్లకు ఒక మేలుంది: రోజువారీ డేటా సాధారణంగా అర్ధరాత్రికే కొత్తగా వస్తుంది. అయినా హెచ్‌డీ పెట్టకండి, గంటకు రెండు జీబీ దాకా లాగేస్తుంది. 480 పెట్టుకుంటే రెండు గంటలకు ఒకటిన్నర జీబీ అటూ ఇటూగా సరిపోతుంది.

రెండు జట్ల పేర్లూ నంబర్లతో సహా కాగితం మీద రాసి టీవీ పక్కన అంటించండి. ఫోనులో వెతుక్కుంటూ కూర్చుంటే ఆట పోతుంది. వాట్సాప్ గ్రూపు ఆపేయండి, నెట్‌లో బొమ్మ అర నిమిషం ఆలస్యంగా రావచ్చు, గోలు ముందే అక్కడ తెలిసిపోతుంది. కామెంటరీ మాత్రం తగ్గించకండి, ఎవరు నటుడో ఎవరు పాత ఆటగాడో చెప్పేది అదే. మర్నాడు హైలైట్స్ చూస్తే చాలదా అంటారు. చాలదు. హైలైట్స్‌లో గోల్సే మిగులుతాయి. ఒక పాటగాడు పాత డిఫెండరును దాటబోయి బంతి పోగొట్టుకుని, దాని వెంటే మళ్లీ పరుగెత్తడం అందులో ఉండదు.

చందా ఇవ్వాలనిపిస్తే తెర మీద వచ్చే ఎస్సెమ్మెస్ నంబరు బ్రిటన్‌కే పనిచేస్తుంది. యునిసెఫ్ ఇండియా సైటు పేరు స్వయంగా టైపు చేసి అక్కడ ఇవ్వండి.

90 నిమిషాలు, 15 నిమిషాల విరామం కలిపి రెండింటికల్లా ముగియాలి. సమమైతే పెనాల్టీలుంటాయి. 2018, 2019, 2020 మూడుసార్లూ అలాగే తేలింది. కాబట్టి 2:30 దాకా ఎవరినీ పడుకోనివ్వకండి.