బీరూ బువ్వా – 4వ పాఠం: మేకపోతు బీరు, తలకాయ కూర

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? పల్లీలు రెండు వాయిలుగా వేయించమన్నాను. ఒక వాయి లేతగా, ఇంకోటి పొట్టు నల్లబడేదాకా. రెండూ ఒకే బీరుతో తిని చూడమన్నాను. చేసినవాళ్లకు ఈ పాఠం సగం వచ్చినట్టే. చెయ్యనివాళ్లు ఇప్పుడే పల్లీలు పొయ్యి మీద పెట్టి చదవండి. మహబూబ్‌నగర్ దిక్కువాళ్లయితే పల్లీలు లేవని మాత్రం చెప్పకండి.

ఈ పాఠం చలికాలంలో తాగే ముదురు బీర్ల గురించి, వాటికి కుదిరే కూరల గురించి. చలికాలం బీరంటే ఏంటో ముందు చూద్దాం. మనం రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి పట్టిస్తాం కదా. బార్లీని అలా మొలకెత్తించి ఆరబెడితే అదే బీరులో వేసే మాల్ట్. సన్నటి వేడి మీద ఆరబెడితే పసుపు రంగు లాగర్, అంటే మనకు మామూలుగా దొరికే బీరు, వస్తుంది. ఇంకాస్త వేగనిస్తే కాలిన రొట్టె అంచు వాసన పడుతుంది. కాఫీ గింజల్లా నల్లగా వేయిస్తే స్టౌట్ అనే నల్లబీరు. యూరప్‌లో చలి మొదలయ్యాక తాగే బీర్లు ఎక్కువగా ఈ ముదురు దిక్కువే: స్టౌట్, దాని చుట్టం పోర్టర్, జర్మనీ వాళ్ల బాక్, దానికంటే ఘాటైన డాపెల్‌బాక్. చిక్కగా, కాస్త తియ్యగా ఉంటాయి. మన వైన్స్‌లో దొరికే స్ట్రాంగ్ బీరు ఈ జాతి కాదు. అందులో ఉండేది మత్తు, మాల్ట్ రుచి కాదు. జిల్లాల్లో దొరికేది దాదాపు అంతా పసుపు రంగు లాగరే కాబట్టి, ముదురు బీరు కావాలంటే హైదరాబాద్ పోయినప్పుడు తెచ్చుకోవాల్సిందే.

నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చెయ్యకండి. ఒక సంక్రాంతికి పట్నం నుంచి స్టౌట్ సీసాలు తెచ్చి, ఫ్రిజ్‌లో గడ్డకట్టేంత చల్లగా పెట్టి, ఎర్రగా మండిపోయే నాటుకోడి కూరతో మా బామ్మర్ది ముందు పెట్టాను. ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు. "ఇదేంది బావా, కషాయం లెక్కున్నది" అన్నాడు. ఆ సీసాలు నేనే ఖాళీ చేయాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

వాడి నాలుక తప్పు కాదు. బాగా చల్లబడితే మాల్ట్ తీపి నాలుకకు తెలియదు, చేదు మాత్రం తెలుస్తుంది. ఆ పైన కారం. మిరపకాయ మంటను పసిగట్టే నాడులనే ఆల్కహాల్ కూడా రెచ్చగొడుతుంది. గ్యాస్ బుడగలు దానికి తోడు. అంటే ఎంత ఘాటు బీరైతే కూర అంత మండుతుంది. "కారంగా ఉంది, బీరు పొయ్యి" అనే మన అలవాటు సరిగ్గా తలకిందులు. మంటను కొంచెమైనా తగ్గించేది తీపి. అందుకే చలికాలం బీరు పెట్టే రోజు కూరలో కారం సగం తగ్గించి, ధనియాలు, ఎండుకొబ్బరి పెంచండి.

ఇక అసలు జోడీ. జర్మన్ భాషలో బాక్ అంటే మేకపోతు. నిజానికి ఆ బీరు పుట్టిన ఊరు ఐన్‌బెక్. మ్యూనిక్ వాళ్ల నోట్లో ఆ పేరు నలిగి నలిగి 'ఐన్ బాక్', అంటే 'ఒక మేకపోతు' అయిందంటారు. ఆ బీరు సీసాల మీద మేకపోతు బొమ్మ కూడా వేస్తుంటారు. అలాంటి బీరుకు తలకాయ కూర కంటే మర్యాద ఏముంటుంది?

పేరు కుదిరిందని కాదు, వాసన కుదురుతుంది. తలకాయను మంట మీద కాలుస్తారు చూడండి, వెంట్రుకలు చిటపటమని పోయి, తోలు నల్లబడి, కత్తితో గీకితే కింద గోధుమరంగు తేలుతుంది. ఎంత కడిగినా ఆ కమురు వాసన కూరలో మిగులుతుంది. దానికీ, కాలిన మాల్ట్‌కూ చుట్టరికం. తాటికమ్మల మంట మీద కాల్చింది దొరికితే ఇంకా మేలు. గ్యాస్ బర్నర్‌తో కాల్చిందైనా పర్వాలేదు. కూర కాస్త చిక్కగా దించండి, జొన్నరొట్టె పక్కన పెట్టండి. సీసాను తినడానికి ఇరవై నిమిషాల ముందే ఫ్రిజ్‌లోంచి తీయండి. పది, పన్నెండు డిగ్రీలు చాలు. ముందు రొట్టె ముక్కతో కూర, నమలడం అయ్యాక గుక్క. కూర నోట్లో ఉండగానే తాగితే ఏదీ తెలియదు.

మిగతావి గబగబా. నువ్వుల ముద్దలతో స్టౌట్ బ్రహ్మాండం, బెల్లమూ వేగిన నువ్వులూ దాని చేదును మింగేస్తాయి. సకినాలకు ముదురు బీరు వద్దు, వాము వాసన చచ్చిపోతుంది, లాగరే పోయండి. సాగర్ చేపల పులుసు ఈ బీర్లతో అసలు కలవదు, చింతపండు పులుపు నల్లబీరును ఇనుప రుచిలోకి దించుతుంది. నేను రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాను.

గ్లాసు సగమే నింపండి, బాక్‌లో ఆల్కహాల్ ఆరు శాతం పైన, డాపెల్‌బాక్‌లో ఏడు శాతం పైన ఉంటుంది. బండి మీద వచ్చినవాళ్లకు కూర మాత్రమే పెట్టండి.

ఈసారి పని: అనపగింజల గుడాలు. ఒక గిన్నెలో ఉల్లిపాయ పచ్చిది, ఇంకో గిన్నెలో అంచులు మాడేదాకా వేయించింది. ఏ గిన్నె ఏ బీరు అడుగుతుందో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో ఈతకల్లుతో మొదలుపెడతాం, గుడాలు అక్కడ మళ్లీ కావాలి.