డిగ్రీలో ఎన్‌సీసీ మొదటి ఏడాది: మధ్యలో మానేయకుండా ఎలా గట్టెక్కాలి

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు కాలేజీల్లో ఈసారి డిగ్రీలో చేరి, ఎన్‌సీసీలో (నేషనల్ క్యాడెట్ కోర్, అంటే విద్యార్థులకు సైనిక శిక్షణ ఇచ్చే సంస్థలో) పేరు ఇద్దామా వద్దా అని ఆలోచిస్తున్న తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం రాస్తున్నాను. నేను చూసినంతలో మొదటి ఏడాది మానేసేవాళ్లలో ఎక్కువమంది ఒంట్లో బలం లేక మానేయరు. కొత్త బూట్లకు కాళ్లు పుండై, పొద్దున బస్సు అందక, నాలుగు పరేడ్లు పోయాక ఇక ఎలాగూ హాజరు సరిపోదులే అనుకుని ఆగిపోతారు. ఈ మూడూ ముందే చూసుకోగలిగినవే.

చరిత్ర కొంచెం తెలుసుకుని వెళ్లండి, ఇంటర్వ్యూలో పనికొస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యానికి మనుషులు చాలక బ్రిటిష్ ప్రభుత్వం 1917లో కాలేజీ విద్యార్థులతో యూనివర్సిటీ కోర్ పెట్టింది. 1920లో దాన్ని యూనివర్సిటీ ట్రైనింగ్ కోర్‌గా, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1942లో యూనివర్సిటీ ఆఫీసర్స్ ట్రైనింగ్ కోర్‌గా మార్చింది. పిల్లలు ఇష్టపడే చేరేవాళ్లు, కానీ అవసరం మాత్రం సామ్రాజ్యానిది. 1946లో హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన కమిటీ వేశారు, దాని సిఫార్సులతో 1948లో చట్టం వచ్చి, జూలై 15న ఎన్‌సీసీ మొదలైంది. ఆ రోజుకి మన నల్గొండ, పాలమూరు ఇంకా నిజాం పాలనలోనే ఉన్నాయి, హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన సెప్టెంబర్ 17 ఇంకా రాలేదు. ఇంట్లో అమ్మావాళ్లు "రేపు యుద్ధమొస్తే తీసుకపోతరేమో బిడ్డా" అని భయపడితే చెప్పండి, ఎన్‌సీసీలో చేరినంత మాత్రాన సైన్యంలో పనిచేయాలని చట్టంలో ఎక్కడా లేదు.

సెలక్షన్‌లో పరుగు, పుషప్స్, ఎత్తు, రెండు మూడు ప్రశ్నలు, అంతే. కానీ అడ్మిషన్ దొరికిన రోజు నుంచే పరుగు మొదలుపెట్టండి. నల్గొండలో ఉంటే పానగల్లు ఉదయసముద్రం కట్ట ఉంది, మహబూబ్‌నగర్‌లో పెద్దచెరువు కట్ట ఉంది, ఊళ్లో ఉంటే మీ చెరువు కట్టే చాలు. మొదటి వారంలోనే ఊపిరాడనంత వేగం వద్దు. పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా, ఆగకుండా, రోజూ. ఖాళీ కడుపుతో పరేడ్‌కి పోవద్దు. నానబెట్టిన పల్లీలో, ఒక అరటిపండో, లేకపోతే చిక్కటి అంబలో తాగి పోతే ఎండలో కళ్లు తిరగవు.

ఇప్పుడు బూట్లు. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇచ్చినరోజే వేసుకుని గ్రౌండ్‌లో దిగితే మడమలు ఒలిచిపోతాయి. ముందు ఇంట్లోనే మందపాటి సాక్సులతో అరగంట, మర్నాడు ఇంకాస్త ఎక్కువ, అట్లా వారం పదిరోజులు తొడిగి నడవండి. తోలు మెత్తబడేదాకా పరుగు మాత్రం మామూలు షూలతోనే. గోళ్లు అడ్డంగా, తిన్నగా కత్తిరించుకోండి. వేళ్ల మధ్య తడి ఉంచొద్దు. సైజు సరిపోకపోతే మొహమాటపడకుండా ఆ రోజే చెప్పండి, వారం తర్వాత చెబితే మార్చడం కష్టం. పాలిష్ ముందురోజు రాత్రే చేయాలి. పాత నూలు గుడ్డ వేలికి చుట్టి, కొంచెం పాలిష్, ఒక చుక్క నీళ్లు, చిన్న చిన్న సున్నాలు తిప్పినట్టు రుద్దుతూ పోతే మెరుపు వస్తుంది. ఖాకీకి గంజి పెట్టి ఇస్త్రీ చేయడం ఇంట్లో ఎవరికైనా తెలిసే ఉంటుంది, కానీ మీరే నేర్చుకోండి, క్యాంపులో అమ్మ ఉండదు.

డ్రిల్లులో మాటలన్నీ హిందీలో ఉంటాయి, భయపడే పని లేదు, ఇరవై మాటలు వస్తే ఏడాది నడుస్తుంది. సావధాన్‌లో, అంటే నిటారుగా కదలకుండా నిలబడినప్పుడు, మడమలు కలిసి ఉండాలి, పాదాల మధ్య 30 డిగ్రీలు. విశ్రామ్‌లో, అంటే కాస్త సడలించి నిలబడినప్పుడు, పాదాల మధ్య 12 అంగుళాలు. తేజ్ చల్ (వేగంగా నడువు) అంటే ఎప్పుడూ ఎడమ కాలితోనే మొదలు, అడుగుకి 30 అంగుళాలు, అబ్బాయిలకు నిమిషానికి 120 అడుగులు. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది పీఛే ముడ్ (వెనక్కి తిరుగు) దగ్గర. "పీఛే" అనగానే సగం తిరిగిపోతారు. ఆ మొదటి మాట సిద్ధంగా ఉండమని, రెండో మాట చేయమని. "ముడ్" చెవినపడేదాకా కదలకండి. ఇంట్లో ఫోన్‌లో నిమిషానికి 120 దెబ్బలు కొట్టే మెట్రోనోమ్ యాప్ పెట్టుకుని నడిస్తే కాలికి ఆ లయ పట్టుబడుతుంది. మీకు కమాండ్ ఇచ్చే అవకాశం వస్తే గొంతుతో అరవకండి, పొట్ట నుంచి గాలి తెచ్చి చెప్పండి, లేదంటే రెండో రోజుకే గొంతు పోతుంది. అమ్మాయిలు "నా గొంతు చిన్నది" అని వెనక నిలబడొద్దు, ముందుకు రండి.

హాజరు సంగతి. 75 శాతం పరేడ్లు లేకపోతే మీరెంత బాగా చేసినా పరీక్షకు కూర్చోనివ్వరు. దేవరకొండ, అచ్చంపేట లాంటి చోట్ల నుంచి రోజూ వచ్చిపోయే పిల్లలు పరేడ్ ముందురోజు టౌన్‌లోనో, హాస్టల్ దోస్తు దగ్గరో పడుకునే ఏర్పాటు మొదటి నెలలోనే చేసుకోండి. పండక్కి, పొలం పనికి రాలేకపోతే ఏఎన్ఓ సార్‌కి (కాలేజీలో ఎన్‌సీసీ చూసుకునే లెక్చరర్‌కి) ముందే చెప్పండి. మీ హాజరు మీరు కూడా ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.

రైఫిల్ చేతికొచ్చిన రోజు అందరికీ ఒకటే ఆత్రం, ఎప్పుడు కాలుద్దామా అని. ముందు నేర్వాల్సింది అది ఖాళీగా ఉందో లేదో చూడటం, ఖాళీ అని తెలిసినా ఎవరివైపూ మూతి తిప్పకపోవడం. ఆటకి కూడా వద్దు. ఉస్తాద్‌లు (శిక్షణ ఇచ్చే సైనికులు) దీని మీద కోప్పడితే తప్పు వాళ్లది కాదు. పాయింట్ టూ టూ రైఫిల్‌తో 25 గజాల దూరం నుంచి పడుకుని కాలుస్తారు. రైఫిల్ మీద గురి చూసుకునే వెనక సైట్‌లోంచి ముందు సైట్ కొన కనబడాలి, దాని మీద గురి నిలబడాలి. ఊపిరి సగం వదిలి బిగపట్టి, ట్రిగ్గర్‌ని లాగకుండా మెల్లగా నొక్కుతూ పోవాలి. శబ్దం ఎప్పుడొస్తుందా అని కళ్లు మూసుకున్నారా, గుండు పక్కకే. నడిమధ్యలో తగల్లేదని టెన్షన్ పడకండి. అయిదు గుండ్లూ ఒకే చోట గుంపుగా పడితే మీ చెయ్యి నిలకడగా ఉన్నట్టే, గురి తర్వాత సరిచేసుకోవచ్చు.

మ్యాప్ క్లాసులో నిద్రపోకండి, పరీక్షలో మార్కులు తేలిగ్గా వచ్చేది ఇక్కడే. గ్రిడ్ రెఫరెన్స్ (మ్యాప్ మీద చోటుని చెప్పే అంకెలు) చెప్పేటప్పుడు ముందు ఈస్టింగ్ (తూర్పు వైపు అంకె), తర్వాత నార్తింగ్ (ఉత్తరం వైపు అంకె). కాంటూర్ గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) దగ్గర దగ్గరగా ఉంటే ఏటవాలు ఎక్కువని అర్థం. నల్గొండ పిల్లలు లతీఫ్‌సాబ్ గుట్ట ఎక్కుతూ ఏ వైపు గీతలు దగ్గరగా వస్తాయో ఊహించుకుంటే ఇక మర్చిపోరు.

క్యాంపు పది రోజులు. దోమతెర, టార్చి, ప్లేటు, మగ్గు, బట్టల సబ్బు, వాడే మందులు, రెండు జతల సాక్సులు ఎక్కువే పెట్టుకోండి. ఫోన్ ఇంట్లోనే వదిలేస్తే మంచిది. రాత్రి కాపలా వంతు వస్తే తప్పించుకోవద్దు. వేరే కాలేజీల పిల్లలతో స్నేహం అక్కడే కుదురుతుంది.

ఏడాది చివర పుస్తకాలు మూసేముందు ఆఫీసుకి పోయి మీ హాజరు, క్యాంపు ఎంట్రీ రికార్డులో పడ్డాయో లేదో కళ్లారా చూసుకోండి. రెండో ఏడాది చివర బి సర్టిఫికెట్‌కి, మూడో ఏడాది సి సర్టిఫికెట్‌కి ఆ ఎంట్రీలే ఆధారం. సి సర్టిఫికెట్‌లో కనీసం బి గ్రేడ్, డిగ్రీలో 50 శాతం ఉంటే సైన్యంలో ఆఫీసర్‌గా చేరే ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీలో రాతపరీక్ష లేకుండానే ఎస్ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డ్) ఇంటర్వ్యూ దాకా పోవచ్చు. ఎంట్రీలో పేరు తప్పు పడి ఉంటే అదే వారం దిద్దించుకోండి.