పంచరు వేయిస్తే సరిపోతుందా, టైరే మార్చాలా?

బైకో స్కూటరో పంచరైందంటే రెండు అనుమానాలు వెంటనే మొదలవుతాయి. షాపులో "టైరు పోయింది, మార్చేయండి" అంటే డబ్బుల కోసం చెబుతున్నాడేమో అని, "ఏం పర్లేదు, స్ట్రిప్ వేసేస్తా, కన్నంలో రబ్బరు ముక్క కుక్కేస్తా" అంటే ఇది దారిలో పేలిపోతుందేమో అని. రెండు మాటలూ ఒక్కోసారి నిజమే, ఒక్కోసారి కాదు. ఎదుటివాడి మొహం చూసి తేల్చుకోవడం ఎందుకు, టైరు చూసి మనమే తేల్చుకోవచ్చు, దానికి మెకానిక్ అయ్యుండక్కర్లేదు. విశాఖలో ఈ అవసరం మాటిమాటికీ వస్తుంది కూడా. కాన్వెంట్ జంక్షన్ నుంచి సింధియా వైపు రోజూ లారీల వెనకాల వెళ్లేవాళ్లనీ, గాజువాక ఆటోనగర్‌లో లేతు షాపుల ముందు నుంచి తిరిగేవాళ్లనీ అడగండి, చెబుతారు. వానాకాలం అయితే మరీను. తడిసిన రబ్బరులోకి మేకు సులువుగా దిగిపోతుంది, రోడ్డు వారగా ఉన్న చెత్తంతా నీళ్లతో పాటు మధ్యలోకి కొట్టుకొచ్చేస్తుంది.

అందరూ ముందు చూసేది మేకు ఎంత పెద్దదో. నేను ముందు అడిగేది వేరు: గాలి పోయాక ఎంత దూరం తోలారు? మేకు దిగాక బండిని ఎలా నడిపామన్న దాన్ని బట్టే చాలాసార్లు టైరు ఉంటుందో పోతుందో తేలుతుంది. గాలి లేని టైరు మీద బరువు పడితే చక్రం తిరిగిన ప్రతిసారీ దాని సైడు మడతపడి లేస్తుంది, లోపలి రబ్బరు రిమ్ముకి, రోడ్డుకి మధ్య నలిగి వేడెక్కిపోతుంది, సైడులో ఉండే దారాలు ఒక్కొక్కటీ తెగిపోతాయి. బయటికి ఇవేవీ కనపడవు. పంచరు వేసి గాలి కొడితే టైరు బాగానే నిలబడుతుంది కూడా. ఆ తర్వాత ఎప్పుడో ఆనందపురం దాటాక హైవే మీద స్పీడులో ఉన్నప్పుడు సైడు ఉబ్బడమో, ఉన్నట్టుండి చిరిగిపోవడమో జరిగితే, పాపం పంచరు వేసినవాడిని తిట్టుకుంటాం.

మద్దిలపాలెంలో ఒక పంచరు షాపు దగ్గర ఇలాంటిదే కళ్లారా చూశాను. పల్సర్ వెనక టైరు, మధ్యలో సన్నటి మేకు, మామూలుగా అయితే పది నిమిషాల పని. కానీ ఆ కుర్రాడు హనుమంతవాక నుంచి వెనకాల ఇంకొకణ్ణి కూర్చోబెట్టుకుని గాలి లేకుండానే తోలుకొచ్చాడు. షాపాయన స్ట్రిప్ వెయ్యకుండా టైరు ఒక పక్క ఊడదీసి, చక్రం ఒంచి తట్టాడు. మిరియాల పొడిలా నల్లటి రజను గచ్చు మీద రాలింది. "బయట బాగానే ఉంది కదన్నా" అన్నాడు ఆ అబ్బాయి. "బయటేముంది బాబూ, లోపల వేలు పెట్టి చూడు" అన్నాడాయన. చుట్టూతా గీత పడినట్టు రబ్బరు లేచిపోయి, ఒకచోట దారాలు పైకి తేలి ఉన్నాయి. ఇక మాట్లాడటానికేం లేదు, టైరు మార్చాల్సిందే. మేకు చిన్నదే అయినా సరే.

కాబట్టి గాలి పూర్తిగా పోయాక అర కిలోమీటరు తోలినా సరే, షాపులో "అన్నా, ఊడదీసి లోపల చూడు" అని గట్టిగా అడగండి. రజను, చుట్టూ గీత, లేచిన రబ్బరు, దారాలు, వీటిలో ఏది కనపడినా పంచరు వేయించొద్దు. ఊడదీయడానికి ఇంకో యాభయ్యో వందో ఎక్కువ అడుగుతారు, ఇవ్వండి.

దారిలో పంచరైన ఆ నిమిషంలో ఏం చేయాలో కూడా ఇక్కడే చెప్పేస్తాను. బండి పాములా ఊగడం మొదలుపెడితే సడన్ బ్రేకు వద్దు, యాక్సిలరేటర్ వదిలేసి, హ్యాండిల్ నిటారుగా పట్టుకుని, దానంతట అదే నెమ్మదించనివ్వండి. బ్రేకు వెయ్యక తప్పకపోతే బాగున్న చక్రానిది మాత్రం మెల్లగా వేయండి. ట్యూబ్‌లెస్ టైరైతే మేకు కనపడగానే పీకకండి, చాలాసార్లు ఆ మేకే బిరడాలా పనిచేస్తుంటుంది. గాలి ఇంకా ఉంటే నెమ్మదిగా దగ్గర్లోని షాపుకో, పెట్రోలు బంకుకో పోవచ్చు. ట్యూబు టైరుకి ఆ సౌకర్యం లేదు, గాలి గబుక్కున పోతుంది, దిగి తోసుకుపోవడమే. ఎండాడ ఎత్తు మీద తోయడం నరకమే, తెలుసు. అయినా టైరు కంటే చెమట చౌక.

ఇప్పుడు కన్నం సంగతి. రోడ్డుకి తగిలే మధ్య భాగంలో, 6 మి.మీ. లోపు గుండ్రటి కన్నమైతే ట్యూబ్‌లెస్ టైరుకి పంచరు వేయించుకోవచ్చు. 6 మి.మీ. అంటే పెన్సిలు కంటే కాస్త సన్నం. మామూలు మేకులు, స్క్రూలు, తీగ ముక్కలు అన్నీ దీని లోపే వస్తాయి. రేకు ముక్కో, గాజు పెంకో కోసినట్టు పొడుగ్గా చీరితే మాత్రం అది కన్నం కాదు, కోత. స్ట్రిప్పులు రెండు మూడు కుక్కి "ఆగింది సార్" అంటారు, ఆగుతుంది కూడా, ఎన్నాళ్లని అడిగితే జవాబు ఉండదు.

టైరు సైడు, అంటే కంపెనీ పేరు, సైజు అచ్చు వేసి ఉండే చోట, దెబ్బ తగిలితే బేరం లేదు. ఆ భాగం బండి నడిచినంతసేపూ వంగుతూనే ఉంటుంది, అక్కడ ఏ స్ట్రిప్పూ, ఏ ప్యాచీ నమ్మకంగా నిలవదు. మధ్యకీ సైడుకీ నడుమ ఉండే అంచు దగ్గరే అసలు తగవు. కారు టైరు అంచు సంగతి వేరు, బండి మాత్రం మలుపులో ఆ అంచు మీదే ఒరుగుతుంది. కైలాసగిరి ఎక్కేటప్పుడు, సింహాచలం ఘాట్ దిగేటప్పుడు మొత్తం బరువు ఆనేది అక్కడే. అందుకే అంచులో దిగిన మేకుకి నేను వెనక టైరైతే ఆలోచిస్తాను, ముందు టైరైతే ఆలోచించను, మార్చేస్తాను. వెనక టైరు గాలి పోతే బండిని అదుపు చేసుకునే వీలు కొంచెం ఉంటుంది. ముందుది పోతే హ్యాండిల్ మన మాట వినదు.

పాత పంచర్లు కూడా లెక్కలోకి తీసుకోవాలి. కొత్త కన్నం పాత స్ట్రిప్పుకి ఆనుకుని ఉంటే ఆ రెంటి మధ్య రబ్బరు బలం పోయినట్టే. దూరందూరంగా రెండు ఉంటే నాకు టెన్షన్ లేదు. మూడోది పడితే మాత్రం ఆ టైరు మీద ఇంక డబ్బు పెట్టబుద్ధి కాదు, ఇది నా లెక్క, రూలేం కాదు.

బయటి నుంచి వేసే స్ట్రిప్ మీద చాలామందికి అపనమ్మకం, కొందరికి అతి నమ్మకం. మేకు పీకి, గరుకు పుల్లతో కన్నం శుభ్రం చేసి, సొల్యూషన్ పూసిన స్ట్రిప్పుని సూదికి గుచ్చి లోపలికి నెట్టి, సూదిని ఒక్కసారిగా లాగేస్తారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది, మేకు ఏ వాలున దిగిందో ఆ పుల్లా, సూదీ కూడా అదే వాలున వెళ్లాలి. హడావిడిలో నిటారుగా పొడిచేస్తే పక్కన ఇంకో దారి పడి, లోపలి దారాలు అనవసరంగా తెగుతాయి. అయ్యాక ఉమ్మి రాసి చూడటం కాకుండా సబ్బు నీళ్లు పోయించండి, సన్న బుడగలు వస్తున్నాయేమో ఒక నిమిషం నిలబడి చూడండి. ఊళ్లో తిరిగే బండికి మధ్యలో సన్న కన్నమైతే ఇది చాలు. గట్టి పని కావాలంటే టైరు ఊడదీసి లోపలి నుంచి ప్యాచ్ వేయించాలి, పుట్టగొడుగు ఆకారంలో కాడ ఉండే ప్యాచ్ దొరికితే ఇంకా మంచిది, అది కన్నాన్నీ పూడుస్తుంది, లోపల పొరనీ మూస్తుంది. అరకు వెళ్తూ అనంతగిరి ఘాట్ ఎక్కాలన్నా, ఇద్దరు కూర్చుని శ్రీకాకుళం దాకా హైవే మీద పోవాలన్నా నేను స్ట్రిప్ మీద బయల్దేరను, లోపల ప్యాచ్ వేయించుకునే పోతాను. ఏది వేయించినా ఆ రోజుకి 60 దాటకండి, మర్నాడు పొద్దున్న బండి తీయకముందే గాలి ఒకసారి చూసుకోండి.

పాత స్ప్లెండర్లు, చువ్వల చక్రాల బుల్లెట్లు, ఇలా ట్యూబు ఉన్న బండి అయితే లెక్క మారుతుంది, టైరూ ట్యూబూ విడివిడిగా చూడాలి. ట్యూబు తీసేముందు టైరుకి, ట్యూబుకి చాక్‌పీసుతో ఒకేచోట గుర్తు పెట్టమనండి. కన్నం దొరికాక టైరులో సరిగ్గా ఎక్కడ వెతకాలో అప్పుడు తెలుస్తుంది. ట్యూబుకి ప్యాచ్ వేసి, టైరులో విరిగిపోయి ఉన్న ముల్లుని వదిలేసి బిగించడం వల్లే "నిన్ననే వేయించాను, మళ్లీ పోయింది" అనే గోల. టైరు లోపల చేత్తో కాదు, గుడ్డతో తుడవండి, ఏదైనా ఉంటే గుడ్డ పట్టుకుంటుంది, వేలు తెగదు. కన్నం ట్యూబుకి రోడ్డు వైపు కాకుండా రిమ్ము వైపు ఉంటే బయటి మేకుని తిట్టుకోవద్దు, చువ్వ మొన తేలింది, లేదా రిమ్ము మీద చుట్టిన రబ్బరు పట్టీ పోయింది, అది బాగుచేయకుండా ఎన్ని ప్యాచ్‌లు వేసినా దండగ. పక్కపక్కనే రెండు కన్నాలుంటే గాలి తక్కువతో గోతిలో పడి, రిమ్ముకి టైరుకి మధ్య ట్యూబు నలిగిందని అర్థం. వాల్వు మొదట్లో చిరిగితే మాత్రం ప్యాచ్ పడదు, కొత్త ట్యూబే. ట్యూబు చవకే, ప్యాచ్ మీద ప్యాచ్ వేయించే మొహమాటం అక్కర్లేదు.

టైరు అరుగుదల చూడకుండా మాత్రం ఏదీ తేల్చకండి. సైడు మీద చిన్న త్రిభుజం గుర్తో, టీడబ్ల్యూఐ అన్న అక్షరాలో ఉంటాయి, అక్కడి నుంచి సూటిగా గాడిలోకి చూస్తే అడ్డంగా బుడిపె కనపడుతుంది. చుట్టూ ఉన్న రబ్బరు అరిగి ఆ బుడిపెతో సమానమైతే టైరు పనైపోయింది, పంచరు లేకపోయినా మార్చాల్సిందే. దానికి దగ్గర పడ్డ టైరుకి వంద రూపాయల పంచరు వేయించడం కూడా దండగే, పల్చబడ్డ రబ్బరులో నెల తిరక్కుండా ఇంకోటి దిగుతుంది. వయసు తెలుసుకోవాలంటే సైడు మీద నాలుగంకెలు వెతకండి, 2219 అని ఉంటే 2019లో 22వ వారం తయారైందని. మన ఎండలో రోజంతా నిలబెట్టే బండికి గాడుల అడుగున, సైడు మీద సన్న పగుళ్లు వస్తాయి. గోటితో తెరిస్తే తెరుచుకునేంత పగుళ్లుంటే అరగకపోయినా దాన్ని నమ్మొద్దు.

అసలు పంచరే కాని పంచర్లు కూడా ఉంటాయి. మేకు లేదు, నీళ్లలో ముంచితే టైరులో బుడగ లేదు, కానీ రెండు రోజులకోసారి గాలి తగ్గిపోతుంటుంది. వాల్వు లోపలి పిన్ను వదులై ఉండొచ్చు, ముందు అక్కడ సబ్బు నీళ్లు వేయండి. లేదంటే రిమ్ము అంచు. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, భీమిలి వైపు ఉండేవాళ్ల బండ్లకి ఉప్పు గాలి వల్ల రిమ్ము అంచున తెల్లటి పొడిలా తినేసి, టైరు అక్కడ సరిగ్గా కూర్చోదు. ఊడదీసి అంచుని గరుకు కాగితంతో రుద్ది మళ్లీ కూర్చోబెడితే సరిపోతుంది. ఇలాంటప్పుడు టైరు మార్చేయమని ఎవరైనా అంటే వినకండి.

ట్యూబ్‌లెస్ టైరు సైడు చిరిగితే "లోపల ట్యూబు వేసి నడిపించేద్దాం" అంటారు. ఇంటికి చేరడానికైతే సరే. దాన్నే పర్మనెంట్ చేసుకోవద్దు. చిరిగిన చోట దారాల బలం తిరిగిరాదు, ట్యూబు ఆ చీలికలోంచి ఉబ్బుతుంది. గాలి ఆపే ద్రవం పోయించి ఉంటే పంచరు వేసేముందు ఆ సంగతి షాపులో చెప్పండి, ఆ జిగురు మీద ప్యాచ్ అంటుకోదు, బాగా తుడవాలి.

మార్చాలని తేలిపోతే బండి పుస్తకంలో ఉన్న సైజే కొనండి, వెడల్పు టైరు అందంగా ఉంటుందని ఎక్కించకండి. సైజు పక్కనే 55పీ లాంటి అంకె, అక్షరం ఉంటాయి, ఎంత బరువు, ఎంత స్పీడు తట్టుకుంటుందో చెప్పేవి అవే, పాతదానికంటే తక్కువ ఉండకూడదు. బిల్లు రాయించకముందే ఆ నాలుగంకెల తారీఖు చూడండి, రెండు మూడేళ్లుగా గోడౌన్‌లో పడున్నదైతే వేరేది అడగండి. బిగించేటప్పుడు సైడు మీద బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి, ట్యూబు టైరైతే టైరుతో పాటు ట్యూబు కూడా కొత్తదే వేయించండి. కొత్త టైరు పైపొర నున్నగా జారుతుంది, మొదటి 150 కిలోమీటర్లు మలుపుల్లో మరీ ఒరగకుండా, ముఖ్యంగా చినుకులు పడుతుంటే నెమ్మదిగా నడపండి.