అంబాసిడర్ ఇంజను ఎవరి చేతిలో పెట్టాలి?

మా నాన్న 1978లో కొన్న మార్క్ 3 అంబాసిడర్ ఇప్పటికీ గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి షెడ్డులోనే ఉంది. దాని ఇంజను రెండుసార్లు విప్పించాను, 2016లో ఒకసారి, 2022లో ఇంకోసారి. మొదటిసారి డబ్బు పోయింది. రెండోసారి బండి దక్కింది. పాత అంబాసిడరో పద్మినియో ఉన్నవాళ్ళు ఫోన్ చేసి "మంచి మేస్త్రీ ఎవరైనా ఉంటే చెప్పండి మేడమ్" అంటుంటారు. ఇవాళ పని చేస్తున్న షెడ్డు రేపు మూతపడొచ్చు. చెయ్యి తిరిగినవాళ్ళకి వయసు మీదపడుతోంది. అందుకే పేరు చెప్పడం కన్నా మనిషిని ఎలా గుర్తుపట్టాలో చెప్తాను.

మేస్త్రీని వెతికే ముందు జబ్బేమిటో తెలుసుకోండి. నాలుగు ప్లగ్గులూ తీయించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొడుతూ కంప్రెషన్ గేజితో (సిలిండరులో ఒత్తిడి కొలిచేది) ఒక్కో సిలిండరూ చూపించండి. రీడింగు తగ్గిన సిలిండరులో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్ళీ చూడాలి. అంకె పైకి లేస్తే పిస్టను రింగులో, బోరో (సిలిండరు లోపలి గోడ) అరిగినట్టు. లేవకపోతే వాల్వులు సరిగ్గా కూర్చోవడం లేదనో, హెడ్ (ఇంజను పైమూత) గాస్కెట్ పోయిందనో అనుకోవాలి. హెడ్ పనితో పోయేదానికి ఇంజను మొత్తం దింపమనేవాళ్ళు ఉంటారు. ఆ నాలుగు అంకెలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. వాటిని శ్రద్ధగా చదివేవాడెవడో, చూడకుండా పక్కన పెట్టేవాడెవడో మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది.

ఇంజను పని ఒక్క మనిషి చేసేది కాదు. విప్పి బిగించే మెకానిక్ ఒకరు, బోరింగ్ (బోరు కోసి వెడల్పు చేయడం), క్రాంక్ గ్రైండింగ్ (పిస్టన్లు తిప్పే ఇరుసుని అరగదీసి నునుపు చేయడం), హెడ్ ఫేసింగ్ (హెడ్ అడుగు చదును చేయడం) చేసే లేత్ వర్క్స్ వాళ్ళు ఇంకొకరు. మనం మెకానిక్‌ని చూసి ఒప్పుకుంటాం. మన బ్లాకు (సిలిండర్లున్న ఇంజను దిమ్మ) ఏ మెషిను మీదకి ఎక్కిందో మనకి తెలియదు. 2016లో నాకు జరిగింది అదే. ఒక షెడ్డులో అప్పజెప్పాను. వారం తర్వాత "బోరింగ్ అయిపోయింది, 20 సైజు పిస్టన్లు వేసేశాం" అన్నారు, అంటే అసలు కొలత కన్నా కాస్త పెద్దవి. ఎంత కోశారో, ఎంత ఖాళీ ఉంచారో కాగితం లేదు. నాలుగు వేల కిలోమీటర్లు తిరిగేసరికి బండి వెనక నీలిపొగ లేచింది, ఇంజనాయిలు కాలుతోందన్నమాట.

ఇంటర్ పిల్లలకి ఇరవై ఎనిమిదేళ్ళు ఫిజిక్స్ చెప్పినదాన్ని. స్క్రూగేజి చేతికిచ్చి తీగ మందం కొలిపించేదాన్ని. రీడింగు రాయకుండా జవాబు మాత్రమే రాసిన రికార్డు మీద ఎప్పుడూ సంతకం పెట్టలేదు. మరి నాన్న బండి విషయంలో ఆ మాట ఎందుకు అడగలేదా అని చాలా బాధపడ్డాను. రెండోసారి ఆ ఒక్క ప్రశ్న పట్టుకునే బయల్దేరాను: కొలిచి రాసిచ్చేవాళ్ళు ఎవరు?

విజయవాడ ఇక్కడికి ముప్పై అయిదు కిలోమీటర్లే. జవహర్ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లకి పని చేసే లేత్ వర్క్స్ వరసగా ఉంటాయి. నేరుగా మెకానిక్‌ల దగ్గరికి వెళ్ళలేదు. లేత్ వర్క్స్ వాళ్ళని "మీ దగ్గరికి బ్లాకు శుభ్రంగా కడిగి, పిస్టన్లు చేతబట్టుకుని వచ్చే మెకానిక్ ఎవరు?" అని అడిగాను. మెకానిక్‌ల దగ్గర దీన్నే తిప్పి, "మీ సొంత బండి బ్లాకైతే ఎవరి మెషినుకి ఇస్తారు?" అని అడిగాను. రెండువైపులా మళ్ళీ మళ్ళీ వినపడ్డ పేర్లు రెండే. ఆ రెండు రోజుల తిరుగుడు దండగ అనుకోకండి. పని లోపల ఎలా ఉందో మనకి కనపడదు, వాళ్ళకి ఒకరిది ఒకరికి కనపడుతుంది.

ఆ రెండింటిలో ఒకటైన లేత్ వర్క్స్‌లో పెద్దాయన నన్ను చూసి అడిగిన మొదటి మాట, "పిస్టన్లు తెచ్చారామ్మా?" లేదన్నాను. "అయితే బ్లాకు ఇక్కడ పెట్టద్దు. ముందు పిస్టన్లు తెచ్చుకోండి, వాటిని కొలిచాకే బోరు కోసేది" అన్నారు. చేతికొచ్చిన పనిని అలా వెనక్కి పంపిన మనిషికే నేను ఇంజను ఇచ్చాను.

ఆ మాట వెనక లెక్క ఇది. అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజనుకి బోరు 73.025 మిల్లీమీటర్లు. 20 థౌ (అంగుళంలో వెయ్యో వంతుని థౌ అంటారు) పెద్ద సైజంటే 73.533, 30 అయితే 73.787, 40 అయితే 74.041. పిస్టనుకీ బోరుకీ మధ్య ఉండాల్సిన ఖాళీ వెంట్రుక మందం కన్నా తక్కువ. డబ్బా మీద 20 అని ఒకటే రాసి ఉన్నా కంపెనీని బట్టి పిస్టను కొలత కాస్త అటూ ఇటూ అవుతుంది. చేతిలో ఉన్న పిస్టనుని కొలిచి, ఆ ఖాళీ కలిపి బోరు కోయాలి. మా బ్లాకుని ఆయన ఒక్కో సిలిండరులో పైన, మధ్యన, కింద, ప్రతిచోటా రెండు దిక్కుల్లో బోర్ గేజితో కొలిచారు, మొత్తం 24 రీడింగులు. మొదటిసారి కోసింది 73.66 దాకా వెళ్ళిపోయి ఉంది. కొత్తలోనే పిస్టను అందులో వదులుగా ఆడిందన్నమాట. 30 సైజుకి వెళ్ళక తప్పలేదు.

షెడ్డులో ఇంకేం చూడాలంటారా? పిస్టన్లని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ల టోపీలు దేనిది దానికే జత. మెయిన్ బేరింగ్ టోపీలూ అంతే, మారిస్తే క్రాంక్ బిగుసుకుంటుంది. వాటికి నంబర్లు కొట్టి వరసగా పెట్టారా, ఒకే డబ్బాలో పోశారా చూడండి. పాత బేరింగు షెల్లు (క్రాంక్ చుట్టూ ఉండే అర్ధచంద్రాకారపు లోహపు రేకులు) తిరగేస్తే క్రాంక్ ఇంతకుముందు ఎంత సైజుకి గ్రైండ్ అయిందో అక్కడ అంకె ఉంటుంది. దాన్ని తనంతట తానే మీకు చూపించే మెకానిక్ దొరికితే వదలకండి. టార్క్ రెంచ్ (నట్టు ఎంత బిగువుగా బిగించారో చూపే పానా) ఉందా అని అడగండి. "చేతి అంచనా చాలమ్మా" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

"పెట్రోలు ఎందుకు, డీజిల్ ఇంజను ఎక్కించేద్దాం" అని కూడా కొందరంటారు. వద్దు. ఇంజను నంబరు ఆర్‌సీలో ఉంటుంది, మార్చాలంటే ఆర్టీవో అనుమతి కావాలి. పైగా 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండికి 'వీఏ' నంబరుతో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు, ఇంజనులో మార్పులు లేకుండా అసలు రూపంలో ఉంటేనే. మా బండికి 2028లో 50 నిండుతాయి. బ్లాకు ఇచ్చే ముందు నంబరు కనపడేలా ఫోటో తీసుకోండి, ఆర్‌సీ జిరాక్సు మాత్రమే ఇవ్వండి.

హెడ్ విప్పినప్పుడు వాల్వు సీట్ల సంగతి తేల్చేయండి. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. ఈ హెడ్లు ఆ పెట్రోలు కోసం చేసినవి, సీసం లేకపోతే వాల్వు సీట్లు త్వరగా అరుగుతాయి. గట్టి సీటు రింగులు వేయిస్తే ఆ బెంగ తీరుతుంది. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు కాబట్టి పంపు డయాఫ్రమ్, పైపులు కూడా దాన్ని తట్టుకునేవే వేయమనండి. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగింది, సామాను దొరకడానికి టైము పడుతుంది. మాకు నాలుగు నెలలు పట్టింది. వారంలో ఇచ్చేస్తామన్న చోట నేను ఇవ్వను.

డబ్బు మూడు దఫాలుగా ఇచ్చాను: సామానుకి, మెషిను పనికి, చివర బండి నడిచాక. పాత పిస్టన్లు, షెల్లు అన్నీ తిరిగివ్వాలని ముందే చెప్పాను. హెడ్ మూసే రోజు దగ్గరుండండి. బోర్లు తెల్లగుడ్డతో తుడిచి గుడ్డ చూపించమనండి. మరక అంటితే మళ్ళీ కడగాల్సిందే. హోనింగ్ (బోరుని చివర్న రాయితో రుద్దడం) పొడి ఇసకలా లోపలుంటే కొత్త రింగుల్ని తినేస్తుంది.

మొదటి 500 కిలోమీటర్లకి ఆయిలు మార్పించి, హెడ్ నట్లు, టాపెట్లు మళ్ళీ చూపించాను. వెయ్యి దాటాకే కోటప్పకొండ ఘాట్ ఎక్కించాను, నలుగురం కూర్చుని. పైన ఆపి వెనక్కి వెళ్ళి సైలెన్సర్ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. పొగ లేదు.

పెద్దాయన రాసిచ్చిన కాగితం ఆర్‌సీ కవరులో పెట్టాను: నాలుగు బోర్ల కొలతలు, పిస్టన్ల కొలతలు, క్రాంక్ సైజు, తారీఖు, సంతకం. మీరూ అలాంటిది అడిగి తీసుకోండి. మా ఇంజనుకి ఇక 40 సైజు ఒక్కటే మిగిలింది, ఆ తర్వాత లైనర్లే (సిలిండరులో దించే కొత్త గొట్టాలు). ఎవరు విప్పినా ముందు ఆ కాగితం చూడమని మా అబ్బాయికి చెప్పి ఉంచాను.