గొలుసులు, బెల్టులు పోకుండా చూసుకోండి

టెక్కలి నుంచి విశాఖకు గ్రానైట్ తోలే డ్రైవరును. టన్నుల కొద్దీ బరువున్న దిమ్మను ఎవరూ ఎత్తుకుపోరు. పోయేవి దాన్ని కట్టే గొలుసులు, పిడి ఆడించి బిగించే రాట్చెట్ బెల్టులు. అదీ సరుకు దించి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడే ఎక్కువ.

దించిన వెంటనే, ఎంత అలసటగా ఉన్నా, అన్నీ లారీ కింది పెట్టెలో వేసి తాళం పెట్టండి. పెట్టెను ఛాసిస్‌కు బిగించిన నట్లకు చిన్న వెల్డింగ్ చుక్క పెట్టించాలి. లేకుంటే పెట్టెకు పెట్టెనే విప్పుకుపోతారు. తాళం కొంకి బయటికి కనబడనిది కొనండి. రంపం బ్లేడు దూరే సందుంటే అది తాళం కాదు, అలంకారం.

లారీ నంబరును రాట్చెట్ పిడి మీద పంచ్‌తో కొట్టించండి. గొలుసు లింకుల మీద మాత్రం వెల్డింగ్ వద్దు, ఆ వేడికి ఉక్కు బలం తగ్గుతుంది. వాటికి ఎరుపు, పసుపు పెయింటు పట్టీలు చాలు. తుక్కు కొట్టులో కుప్ప మధ్య ఉన్నా మీ గొలుసు ఇట్టే తెలిసిపోతుంది. ఫొటోలు తీసి ఉంచుకుంటే పోలీసులకు చూపడానికి పనికొస్తాయి.

రణస్థలం, పైడిభీమవరం వైపు రాత్రి ఆగవలసివస్తే వెలుతురున్న చోట, పెట్టె ఉన్న పక్క గోడకు దగ్గరగా నిలపండి. లోడుంటే బెల్టుల మిగులు కొసలు వేలాడనివ్వకుండా చుట్టి కట్టేయండి. టీ తాగి ఎక్కేముందు లారీ చుట్టూ తిరిగి ప్రతి బెల్టునూ చేత్తో లాగి చూడాలి. ఒక్కటి తగ్గినా బండి కదపకండి, యజమాని ఫోనులో ఎంత అరిచినా సరే.