రీసెర్చ్ పేపర్ దొరకడం లేదా? ఎక్కడ తప్పుతోందో చూడండి

లక్షల్లో ఫలితాలు, పనికొచ్చేది ఒక్కటీ లేదు

తప్పు చాలాసార్లు మనం టైప్ చేసే మాటల్లోనే ఉంటుంది. నిద్ర తక్కువైతే మతిమరుపు వస్తుందా అని ప్రశ్న మొత్తం కొడతాం. పేపర్ రాసినవాళ్లేమో 'స్లీప్ డిప్రివేషన్', 'మెమరీ కన్సాలిడేషన్' అని రాస్తారు. కాస్త దగ్గరగా ఉన్న ఒక్క పేపర్ పట్టుకుని, దాని సారాంశంలోని పదాలతో మళ్లీ వెతకండి. రెండు మాటలు పక్కపక్కనే రావాలంటే డబుల్ కోట్స్‌లో పెట్టండి. పేజీలు తిప్పుకుంటూ పోవడం మాత్రం దండగ. రీసెర్చ్ పేపర్లు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ ఎన్ని లక్షలు చూపించినా, చూడనిచ్చేది మొదటి 1000 మాత్రమే.

వైద్య విషయమైతే, ఆ పేపర్లు వెతికే సైట్ పబ్‌మెడ్‌కి వెళ్లండి. అక్కడ 'హార్ట్ ఎటాక్' అని కొట్టినా 'మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్' అనే దాని వైద్య పేరు కింద చేర్చినవి కూడా వస్తాయి.

తెరిస్తే డబ్బులు అడుగుతోంది

మీరు తెరిచింది ప్రచురణ సంస్థ కాపీ. అదే పేపర్‌ని రచయిత తన యూనివర్సిటీ సైట్‌లోనో, పేపర్లు దాచే ఏదైనా ఆన్‌లైన్ ఆర్కైవ్‌లోనో ఉచితంగా పెట్టి ఉండొచ్చు. స్కాలర్‌లో ఫలితం కింద ఉండే 'ఆల్ వెర్షన్స్' నొక్కండి. బ్రౌజర్‌లో అన్‌పేవాల్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే ఉచిత కాపీ ఉన్నప్పుడు అదే చూపిస్తుంది. ఉచిత పేపర్లను ఒకచోట చేర్చే కోర్ (CORE) సైట్‌లోనూ ఓసారి చూడండి. ఎక్కడా లేకపోతే రచయితకే మెయిల్ రాయండి. మొహమాటం అక్కర్లేదు, చాలామంది సంతోషంగా పంపిస్తారు.

అన్నీ పాతవే పైకి వస్తున్నాయి

ఎక్కువమంది తమ పేపర్లలో ఉదహరించినవాటికి స్కాలర్ పెద్దపీట వేస్తుంది. నిన్న వచ్చిన పేపర్‌కి ఆ బలం ఎక్కడిది? పక్కన సంవత్సరం ఎంచుకోండి. తేదీ వరుస నొక్కితే గత ఏడాదిలో చేరినవే మిగులుతాయి, మిగతావి మాయమయ్యాయని కంగారు పడకండి. నాకు నచ్చిన దారి వేరే ఉంది: మంచి పాత పేపర్ ఒకటి తీసుకుని 'సైటెడ్ బై' నొక్కితే, దాని మీద ఆధారపడి తర్వాత వచ్చినవన్నీ కనిపిస్తాయి.

అలర్ట్ పెట్టాను, మెయిల్ నిండా చెత్త

కొత్త పేపర్ వస్తే మెయిల్ పంపే అలర్ట్‌ని స్కాలర్‌లో ఒకే మాట మీద పెట్టి ఉంటారు. అది తీసేసి, మీ అంశానికి మూలమైన రెండు మూడు పేపర్ల 'సైటెడ్ బై' పేజీలోనే అలర్ట్ పెట్టండి. మెయిళ్లు తగ్గుతాయి, వచ్చినవి చదవాలనిపిస్తాయి.

ఉదహరింపుల లెక్క ఒక్కోచోట ఒక్కోలా ఉంది

స్కాలర్, అలాంటివే అయిన సెమాంటిక్ స్కాలర్, ఓపెన్‌అలెక్స్ సైట్లు దేని సేకరణ దానిదే, కాబట్టి లెక్కలు కలవవు. సంఖ్య రాసేటప్పుడు ఎక్కడిదో, ఏ తేదీన చూశారో పక్కన రాసుకోండి.