షెఫ్ అవ్వాలంటే: కోర్సుకి ముందు ఓ రద్దీ రాత్రి

పని కోసం మా కిచెన్‌కి వచ్చే పిల్లల్ని నేను ముందు ఒకటే అడుగుతాను: అదే వంటకాన్ని వారానికి ఐదారు రోజులు, నెలల తరబడి, విసుగు లేకుండా వండగలవా? చాలామంది తెల్లబోతారు. ఇంట్లో బాగా వండుతారు, తిన్నవాళ్లంతా మెచ్చుకున్నారు, అందుకే ఇటు వద్దామనుకున్నారు. ఇంట్లో ఇవాళ్టి వంట కుదిరితే చాలు. ఇక్కడ సాయంత్రం వెళ్లే మొదటి ప్లేటు, రాత్రి మూసేముందు వెళ్లే ఆఖరి ప్లేటు ఒకే రుచితో, ఒకే తూకంతో, ఒకే వేడితో వెళ్లాలి. ఈ పనంటే నాకు ప్రాణం. ఇదేమిటో తెలియక అప్పు చేసి చదువుకుని, ఏడాది తిరక్కుండానే వదిలేసి వెళ్లేవాళ్లని చూస్తే మనసుకి కష్టంగా ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఫీజు కట్టకముందే ఏదైనా కిచెన్‌లో ఒకటి రెండు రోజులు నిలబడి చూడండి. దీన్ని ట్రయల్ అంటారు, ఫ్రెంచి పద్ధతి నడిచే చోట స్టాజ్ అంటారు. మర్యాదగా అడిగితే చాలామంది షెఫ్‌లు కాదనరు. భోజనాల వేళ దాటాక, అందరికీ కాస్త తీరిక చిక్కినప్పుడు వెళ్లి అడగండి. రమ్మన్నాక మాత్రం వారంలో అన్నిటికంటే రద్దీగా ఉండే రాత్రికే వస్తానని చెప్పండి. ఖాళీ మధ్యాహ్నం చూసి వెళ్తే ఈ పని మీకేమీ తెలియదు. రోజుల తరబడి జీతం లేకుండా చేయమంటే ఒప్పుకోకండి. చూడడానికి రెండు రోజులు చాలు.

ఆ రాత్రి ప్రింటర్‌లోంచి ఓ చీటీ వస్తుంది. పాస్ దగ్గర, అంటే ప్లేట్లు బయటికెళ్లే బల్ల దగ్గర నిలబడ్డ షెఫ్ దాన్ని గట్టిగా చదువుతారు: ఒక మాంసం, ఒక చేప, ఒక సలాడ్. దించాక కదపకుండా ఉంచే సమయంతో కలిపి మాంసానికి 20 నిమిషాలు. చేపకి 6. సలాడ్‌కి 2. మూడూ ఒకేసారి పాస్ మీదికి రావాలి. అందుకని చేప స్టేషన్‌లో, అంటే చేప మాత్రమే వండే చోట ఉన్న మనిషి చీటీ వినగానే చేప వేసేయడు. గ్రిల్ వైపు "ఇంకెంతసేపు?" అని కేకేస్తాడు. "ఎనిమిది" అని జవాబొస్తే పెనం పెట్టి, చేప మీది తడి అద్ది, ఉప్పు చల్లి, రెండు నిమిషాలు ఆగి అప్పుడు వేస్తాడు. ఈలోగా ఇంకో ఐదు చీటీలు వచ్చి ఉంటాయి, వాటిలో చేప ఎక్కడెక్కడుందో తలలో పెట్టుకుని ఉంటాడు. వేడి గిన్నె పట్టుకుని వెనకనుంచి వెళ్లే మనిషి "బిహైండ్, హాట్" అంటూ వెళ్తాడు. వినగానే ఎవరూ వెనక్కి తిరగరు, ఉన్నచోటే ఉండిపోతారు. తిరిగితే కాలుతుంది.

ఆఖరి ప్లేటు వెళ్లాక ఉండేదే అసలు పరీక్ష. గ్రిల్ గీకాలి, పొయ్యిలు విప్పి కడగాలి, మిగిలినవన్నీ చిన్న డబ్బాల్లోకి మార్చి తేదీ రాసి అంటించాలి, నేల కడగాలి, రేపటి సరుకు లెక్క రాయాలి. ఇంకో గంట, గంటన్నర. అది కూడా ఉండి చేయండి. మర్నాడు ఒళ్లు నొప్పులతో లేచినప్పుడు మళ్లీ వెళ్లాలనిపిస్తే అప్పుడు కోర్సు గురించి ఆలోచించండి.

కోర్సు వద్దని నేననను. మూల సాస్‌లు, మాంసం కోతలు, శుభ్రత నియమాలు ఒక క్రమంలో నేర్పుతారు, తర్వాత ఉద్యోగాలకి పనికొచ్చే పరిచయాలు దొరుకుతాయి. కానీ వేగం స్కూల్లో రాదు. పారిస్‌లో 1895లో మొదలైన ల కార్డాన్ బ్లూ, అమెరికాలో 1946లో మొదలైన కలినరీ ఇన్‌స్టిట్యూట్ లాంటి పేరున్న చోట్ల చదివినవాళ్లు కూడా మొదటి ఉద్యోగంలో ఉల్లిపాయలు తరుగుతూనే మొదలుపెడతారు. మొదటి జీతం కింది మెట్టు జీతమే. ఆ జీతంతో తీర్చలేని అప్పు చేయకండి. చిన్న కోర్సు చేసి మంచి కిచెన్‌లో చేరినవాళ్లు పెద్ద కోర్సు చేసినవాళ్లతో సమానంగా ఎదగడం నా కళ్లముందే జరిగింది.

ఏ కిచెన్ మంచిదో ఎలా తెలుస్తుంది? మెనూ చూడకండి, గిన్నెలు కడిగే చోటు చూడండి. అక్కడ పనిచేసే మనిషితో మిగతావాళ్లు ఎలా మాట్లాడుతున్నారో వినండి. స్టాఫ్ భోజనం ఏం పెడుతున్నారో, కూర్చుని తింటున్నారో, చెత్తబుట్ట పక్కన నిలబడి తింటున్నారో చూడండి. కోల్డ్ రూమ్ తెరిచినప్పుడు ప్రతి డబ్బా మీదా తేదీ ఉందా? పచ్చిమాంసం కింది అరలో, వండినవి పై అరలో ఉన్నాయా? నేను పనిచేసిన ఒకచోట ఫ్రిజ్ ఉష్ణోగ్రతల పుస్తకాన్ని నెలాఖరున ఒకే పెన్నుతో, ఒకే కూర్చోడంలో నింపేసేవారు. అలాంటి చోట నేర్చుకున్న అలవాట్లు వదిలించుకోడానికి ఏళ్లు పడుతుంది. బూతులు తిట్టడం, చేయి చేసుకోవడం ఈ వృత్తిలో మామూలే అని ఎవరైనా చెబితే నమ్మకండి. చప్పుడులో గొంతు పెంచడం వేరు, మనిషిని అవమానించడం వేరు. రెండోది కనబడ్డ రోజే ఇంకో చోటు వెతుక్కోండి.

ట్రయల్‌లో మేం మీ నుంచి చూసేవి చిన్నవి. చెప్పిన టైముకి పావుగంట ముందొచ్చారా, జారని అడుగున్న మూసిన బూట్లు వేసుకున్నారా, జేబులో చిన్న నోట్‌బుక్ ఉందా. కటింగ్ బోర్డు జరక్కుండా కింద తడిగుడ్డ పరిచారా. రుచి చూసిన స్పూన్‌ని మళ్లీ గిన్నెలో పెట్టకుండా పక్కన పడేశారా. ఉల్లిపాయ 3 మిల్లీమీటర్ల ముక్కలు కోయమంటే అన్నీ అంతే ఉన్నాయా. అందం కోసం అడగడంలేదు. చిన్నాపెద్దా కలిస్తే పెద్దవి మెత్తబడేలోపు చిన్నవి మాడతాయి, ఆ చేదు సాస్ మొత్తానికి ఎక్కుతుంది. కత్తి ఖరీదైనది అక్కర్లేదు. 20 సెంటీమీటర్ల షెఫ్ నైఫ్ ఒకటి, చిన్న చాకు ఒకటి, పదును పెట్టుకోడానికి సానరాయి చాలు. మొద్దు కత్తే ఎక్కువగా వేళ్లు తెంపుతుంది, ఎందుకంటే బలం పెట్టి నొక్కుతాం, అది జారుతుంది.

చేరాక మొదట కమీగా, అంటే అందరికంటే కింది మెట్టు వంటవాడిగా ఉంటారు. తర్వాత ఒక స్టేషన్ బాధ్యత మీదే అయితే సీడీపీ (షెఫ్ ద పార్టీ), ఆపైన హెడ్ షెఫ్‌కి కుడిభుజంలాంటి సూ షెఫ్, ఆపైన హెడ్ షెఫ్. స్టేషన్లుగా పని పంచుకునే ఈ పద్ధతిని లండన్ సవాయ్ హోటల్లో 1890లలో పక్కాగా నడిపినవాడు ఫ్రెంచి షెఫ్ ఒగూస్త్ ఎస్కోఫియే. అంతకుముందు 1870లో ప్రష్యాతో జరిగిన యుద్ధంలో ఫ్రెంచి సైన్యానికి వండినవాడు కాబట్టి, ఎవరి పని ఏమిటో, ఎవరు ఎవరికి జవాబు చెప్పాలో తేల్చిపెట్టడం ఆయనకి అక్కడే అలవడి ఉంటుందని నా నమ్మకం. ఈ మెట్లలో మీకు ముందుగా తెలియాల్సింది ఒకటుంది. పైకి వెళ్లేకొద్దీ వంట తగ్గుతుంది. డ్యూటీ పట్టికలు, సరుకు ఆర్డర్లు, బిల్లులు, మనుషుల తగవులు పెరుగుతాయి. వండడమే మీ ఆనందమైతే సీడీపీగానో సూ షెఫ్‌గానో ఎక్కువకాలం ఉండిపోవడంలో చిన్నతనం ఏమీ లేదు. నాకు సాస్ స్టేషన్‌లో గడిపిన కాలమే ఇప్పటికీ అన్నిటికంటే ఇష్టం.

మొదటి ఏడాది రెండు విషయాలు ఒంటికి పట్టించుకోండి. ఒకటి మీజాన్‌ప్లాస్, అంటే సర్వీసు (ఆర్డర్లు వచ్చి ప్లేట్లు వెళ్లే వేళ) మొదలయ్యేముందు అన్నీ తరిగి, కొలిచి, చేతికందేలా అమర్చుకోవడం. రెండోది ఆహార భద్రత. దీన్నెప్పుడూ కాగితం మీది నియమంగా చూడకండి. 20 లీటర్ల స్టాక్‌ని, అంటే ఎముకలు, కూరగాయలు మరిగించి తీసిన రసాన్ని, పెద్ద గిన్నెతో అలాగే కోల్డ్ రూమ్‌లో పెడితే పొద్దునకి కూడా నడిమధ్య గోరువెచ్చగానే ఉంటుంది. మరిగించినా చావని కొన్ని బ్యాక్టీరియా బీజాలు ఆ వెచ్చదనంలో మొలిచి పెరుగుతాయి. అమెరికా ఫుడ్ కోడ్ 57 డిగ్రీల సెల్సియస్ నుంచి 21కి 2 గంటల్లో, అక్కణ్ణుంచి 5కి మరో 4 గంటల్లో దించమంటుంది. అందుకని లోతు తక్కువ ట్రేల్లోకి పంచి, ఐసునీళ్లలో పెట్టి కలుపుతూ, థర్మామీటర్ గుచ్చి చూస్తాం. అలసిపోయిన రాత్రి ఒంటిగంటకి కూడా ఈ పని మానని కమీని నేను కళ్లు మూసుకుని నమ్ముతాను.

లెక్కలు కూడా అప్పుడే మొదలుపెట్టండి. కిలో 100 పెట్టి 10 కిలోలు కొన్న కూరగాయ తొక్క తీసి బాగుచేశాక 8 కిలోలే మిగిలితే, మీ కిలో ధర 100 కాదు, 125. చాలా రెస్టరెంట్లలో ప్లేటు ధరలో సరుకు ఖర్చు 30 శాతం అటూఇటూ ఉండాలనుకుంటారు. మిగతాదంతా జీతాలు, అద్దె, గ్యాసు, కరెంటు తినేస్తాయి. ఈ లెక్క వచ్చిన సీడీపీని సూ షెఫ్ చేయడానికి ఎవరూ వెనకాడరు.

ఒళ్లు జాగ్రత్త. గంటల తరబడి నిలబడే పని, వేడి, తడి నేల. బూట్ల మీద డబ్బు పొదుపు చేయకండి. బరువు ఇద్దరు కలిసి ఎత్తండి. కాలితే నూనె, ఐసు, టూత్‌పేస్టు ఏదీ వద్దు. 20 నిమిషాలు కుళాయి చల్లనీళ్ల కింద ఉంచి, పెద్దదైతే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. సర్వీసు అయ్యాక ఒంట్లో ఆ ఊపు వెంటనే దిగదు, దాన్ని దించుకోడానికి మందు అలవాటైనవాళ్లు ఈ వృత్తిలో చాలామంది ఉన్నారు. మంచి వంటవాళ్లు కొందరు నా కళ్లముందే అలా పాడైపోయారు. డ్యూటీ దిగాక తిని, నడిచి, నిద్రపోయే ఏర్పాటు మొదటి నెలలోనే చేసుకోండి. పండగలకీ, పెళ్లిళ్లకీ మీరు ఉండరని ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఒప్పించండి. జనం సెలవు తీసుకునే రోజే మనకి ఎక్కువ పని.

ఒక కిచెన్‌లో కనీసం ఏడాది ఉండండి, వీలైనన్ని స్టేషన్లు మార్చమని అడగండి. మూడు నెలలకో చోటు మారిన వివరాలు చూస్తే నేను పిలవడానికి తటపటాయిస్తాను. ఏడాది రెండేళ్ల తర్వాత కూడా రాత్రి సర్వీసు మీ ఒంటికి పడకపోతే ఆహారం పని వదలక్కర్లేదు. ఫుడ్ కంపెనీల్లో కొత్త ఉత్పత్తులు తయారుచేసే కిచెన్లు, ఆసుపత్రులు, ఆఫీసుల క్యాంటీన్లు, వంట స్కూళ్లు ఉన్నాయి, వీటిలో ఎక్కువ భాగం పగటి పనే. అక్కడ కూడా లైన్ మీద, అంటే సర్వీసులో పొయ్యిల దగ్గర పనిచేసిన అనుభవం అడుగుతారు కాబట్టి, వెళ్లేముందు మీ షెఫ్ దగ్గర ఏయే స్టేషన్లు ఎంతకాలం చూశారో రాయించుకుని వెళ్లండి.